ఎలుక ఈత.. తాతయ్య దారి

ఫిషింగ్ హార్బర్‌లో పాతతరం మత్స్యకారులతో ఎప్పుడైనా మాట కలిపి చూడండి. జీపీఎస్ లేని రోజుల్లో వాళ్ళకి కొండలే గుర్తులు. డాల్ఫిన్స్ నోస్ ఎటుంది, కైలాసగిరి ఎటుందని కంటితోనే కొలిచి, నీళ్ళ అడుగున కనపడని రాతిగుట్ట మీదికి సరిగ్గా పడవ తెచ్చేవారు.

అల్జీమర్స్ పరిశోధనలో చిట్టెలుకలకి పెట్టే పరీక్ష కూడా దాదాపు ఇలాంటిదే! 1981లో రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టారు. గుండ్రటి తొట్టి, అడుగు కనపడని తెల్లటి నీళ్ళు, పైకి తేలకుండా ఒక చిన్న పీట. చుట్టూ ఉన్న గుర్తులు చూసుకుంటూ ఎలుక ఈది ఆ పీట ఎక్కాలి. ఆరోగ్యంగా ఉన్నది కొద్ది రోజుల్లోనే దారి నేర్చేసుకుంటుంది. జబ్బు ఎలుకకి ఎన్నిసార్లు వదిలినా వెతుకులాటే.

నిజానికి ఎలుకలకి మనలా అల్జీమర్స్ రాదు. మనుషుల్లో వంశపారంపర్యంగా ఈ జబ్బు తెచ్చే జన్యువుని వాటిలో పెట్టి పుట్టిస్తారు. 1996లో అమెరికాలో వచ్చిన టీజీ2576 రకం ఎలుకల్లో వయసు పెరిగేకొద్దీ మెదడులో అమిలాయిడ్ గడ్డలు పేరుకున్నాయి, జ్ఞాపకం తగ్గింది. మతిమరుపు ఒక్కటే కాదండోయ్. దూది ఇస్తే మామూలు ఎలుక చక్కగా గూడు కట్టుకుంటుంది. ఇవి సరిగా కట్టుకోలేవు. అంటే రోజువారీ పనులూ తప్పుతాయన్నమాట.

ఇందులో మన వైజాగ్ లింకు ఒకటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం 2012లో ఇలాంటి ఎలుకలకి అశ్వగంధ వేరు సారం 30 రోజులు తాగించింది. జ్ఞాపకం మెరుగైంది, అమిలాయిడ్ తగ్గింది. అదీ కాలేయం ద్వారా!

అలాగని వాట్సాప్ ఫార్వర్డ్ చూసి తాతయ్యకి అశ్వగంధ పొడి ఆర్డర్ పెట్టేయకండి. ఎలుకల్లో పనిచేసిన మందులు చాలావరకు మనుషుల దగ్గర తేలిపోయాయి. ఎలుకలో మనం పెట్టింది ఒకటి రెండు జన్యువుల జబ్బు. తాతయ్యది డెబ్బై ఏళ్ళ జీవితం. బీపీ, షుగర్, వినికిడి.. అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ఎలుకల నుంచి మనం పట్టుకోవాల్సింది మందు కాదు, గుర్తు. తెలిసిన దారి తప్పడం, చేతికొచ్చిన పని మధ్యలో వదిలేయడం కనిపిస్తే "పెద్దాయన కదా, మామూలే" అని సరిపెట్టుకోవద్దు. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి వైద్యం ఉంది. కేజీహెచ్‌లోనో, మీకు దగ్గర్లోనో న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్ళండి. అన్నేళ్ళు సముద్రంలో దారి వెతుక్కున్న మనిషిని వీధిలో ఒంటరిగా వెతుక్కోనివ్వకండి.