చీకటిలో గురి కన్నా గుర్తింపు ముఖ్యం

అనంతపురం: వేరుసెనగలో ఊడలు దిగి కాయలు ఊరే దశ వచ్చిందంటే మెట్ట రైతుకు నిద్ర కరవవుతుంది. పగలంతా గుట్టల్లో, కంపచెట్ల నీడన గడిపిన అడవి పందులు చీకటి పడగానే చేలలోకి దిగుతాయి. ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు పెళ్లగిస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కూడా గగనమయ్యే ఈ పీఠభూమిలో, వాన దయతలచి నిలిచిన పంట పందుల పాలవుతుంటే రైతు ఆక్రోశం సహజమే. అందుకే ఏటా ఖరీఫ్‌లో ఒకే డిమాండు వినిపిస్తుంది. పందులను కాల్చేందుకు అనుమతులు ఇవ్వాలని, గురి తప్పని షూటర్లను రప్పించాలని. తుపాకి ఎవరి చేతికి ఇవ్వాలన్న చర్చ తరచూ జరుగుతోంది. ఆ తుపాకిపై అమర్చే కన్ను ఎలాంటిది, అది చీకటిలో ఏమి చూపగలదు, ఏమి చూపలేదు అన్న ప్రశ్న మాత్రం మరుగున పడుతోంది. ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న నిజానికి అదే.

చట్టం గీసిన గీత

మన దేశంలో వినోదం కోసం వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇప్పుడు అనుమతించదు. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టంలోని రెండో షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికో, నిలిచి ఉన్న పంటకో ప్రమాదకరంగా మారినప్పుడు, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతిస్తేనే దానిని చంపవచ్చు. ఆ కళేబరం కూడా ప్రభుత్వ ఆస్తే. ఇంటికి తీసుకుపోవడం, మాంసం పంచుకోవడం నేరం. కేరళ ప్రభుత్వం 2022 మేలో స్థానిక సంస్థల అధిపతులకే అనుమతినిచ్చే అధికారం అప్పగించింది. అక్కడ కూడా విషం, పేలుడు పదార్థాలు, విద్యుత్ తీగలు వాడరాదని షరతు విధించింది.

ఆయుధాల విషయానికి వస్తే 1959 నాటి చట్టం ఆసక్తికరమైన తేడా చూపుతుంది. పంట రక్షణ అవసరానికి అది ప్రస్తావించినది మూతి వైపు నుంచి మందు కూరే తుపాకిని. రైఫిల్ సంఘాల సభ్యుల సాధనకు ప్రస్తావించినది 0.22 బోరు రైఫిల్, ఎయిర్ రైఫిళ్లను. అంటే పంట కాపలాకు లైసెన్సు పొందిన సామాన్య రైతు చేతిలోని తుపాకికి స్కోప్ ఊసే లేదు. నాలుగు అడుగుల ముందు కొమ్మ కదిలితే గురిపెట్టే ఆయుధమది. స్కోప్ అమర్చిన రైఫిల్‌తో వచ్చేవారు వేరు, వారి బాధ్యత వేరు.

ఎంత వెలుగు కంటికి చేరుతుంది?

స్కోప్‌పై 3-9×40, 8×56 వంటి అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది. రెండోది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటివైపు వెలువడే కాంతి వృత్తం వ్యాసం వస్తుంది. చీకటి వేళ కొనుగోలుదారు చూడవలసిన లెక్క ఇదే. 8×56 స్కోప్‌లో ఆ వృత్తం 7 మిల్లీమీటర్లు. 3-9×40 స్కోప్‌ను 9 రెట్లకు తిప్పితే 4.4 మిల్లీమీటర్లే మిగులుతుంది. అదే స్కోప్‌ను 6 రెట్లకు తగ్గిస్తే 6.7 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. సందె వేళ బొమ్మ మసకబారితే రెట్లు పెంచడం చాలామంది చేసే పొరపాటు. తగ్గించడమే మార్గం.

ఇక్కడ మరో సంగతి ఉంది. ఇరవయ్యేళ్ల యువకుని కంటిపాప చీకటిలో దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. యాభై దాటినవారిలో అది 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఆగిపోతుంది. కంటిపాపను మించిన వృత్తంలోని కాంతి కనుగుడ్డు రంగు భాగంపై పడి వృథా అవుతుంది. కాబట్టి పెద్ద వయసు షూటర్ బరువైన 56 మిల్లీమీటర్ల కటకానికి ఎక్కువ ధర పెట్టినా, అదే 8 రెట్ల వద్ద 40 మిల్లీమీటర్ల కటకం ఇచ్చే దానికన్నా ఎక్కువ వెలుగు ఆయన కంటికి చేరదు.

కటకాల పూత సంగతి అంతకన్నా కీలకం. పూత లేని గాజు ప్రతి ఉపరితలం వద్దా సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. ఒక స్కోప్‌లో అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. ప్రతిఫలనాన్ని తగ్గించే పూతను 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో స్మకులా అనే శాస్త్రవేత్త రూపొందించాడు. నేటి మేలురకం స్కోప్‌లకూ చౌకరకాలకూ మధ్య తేడా చాలావరకు ఈ పూతల నాణ్యతే. గొట్టం 30 మిల్లీమీటర్లుంటే బొమ్మ ప్రకాశిస్తుందన్న ప్రచారంలో పస లేదు. లావు గొట్టం వల్ల గురి సవరణకు ఎక్కువ చోటు దొరుకుతుంది, అంతే.

రెటికిల్ అని పిలిచే అడ్డుగీతలు సన్నగా ఉంటే పందికీ నేలకూ తేడా తెలియని చీకటిలో కలిసిపోతాయి. అంచులు లావుగా, నడిమి సన్నగా ఉన్న గీతలు మేలు. నడుమ వెలిగే ఎర్రచుక్క ఉన్న రకాలలో, ఆ చుక్క వెలుగును బాగా తగ్గించుకునే వీలుందో లేదో చూసుకోవాలి. చుక్క మరీ ప్రకాశిస్తే కన్ను చెదిరి వెనుక ఉన్నది కనబడదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూస్తే అదంతా వృథా.

థర్మల్ పరికరం చెప్పని నిజం

వేడిని బట్టి బొమ్మ చూపే థర్మల్ పరికరాలు వచ్చాక చీకటి సమస్య తీరిందన్న అభిప్రాయం బలపడుతోంది. అక్కడేదో ఉన్నదని చెప్పడంలో వాటికి సాటి లేదు. అదేమిటో చెప్పడంలోనే తడబాటు. ఎండాకాలం పగలంతా కాగిన గుట్టల బండరాళ్లు అర్ధరాత్రి దాకా వేడిని వదలవు. వాటి నడుమ తలవంచి మెసలే ఎలుగుబంటి, పంది, దూడ దూరం నుంచి ఒకే మోస్తరు తెల్లని ముద్దలుగా కనబడవచ్చు. కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల్లో ఎలుగుబంట్ల సంచారం కొత్త కాదు. ఉరవకొండ, వజ్రకరూరు పరిసరాల నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు తిరుగుతుంటాయి. కృష్ణజింక రాష్ట్ర జంతువు. ఎలుగు, చిరుత, నెమలి మాదిరిగానే మొదటి షెడ్యూలులో ఉంది. వాటిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా తప్పవు.

అంతకన్నా పెద్ద భయం మరొకటి. ఎరువు కోసం గొర్రెల మందలను రాత్రిళ్లు బీడు చేలల్లో నిలపడం మన ప్రాంత ఆనవాయితీ. మంద పక్కనే కాపరి కంబళి కప్పుకొని నేలపై పడుకుంటాడు. పక్క చేనులో మరో రైతు బ్యాటరీ లైటు ఆర్పి మాటువేసి ఉంటాడు. దూరాన కదిలిన వెచ్చని ఆకారం మనిషిది కాదని ఏ పరికరమూ హామీ ఇవ్వదు.

ఇలాంటి చోట అనుభవం ఉన్న షూటర్లకూ మినహాయింపు లేదని 2018 ఉదంతం చెబుతోంది. ఆ ఏడాది నవంబరు 2 రాత్రి మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని హైదరాబాద్ నుంచి వెళ్లిన బృందం కాల్చి చంపింది. మనుషుల ప్రాణాలు తీసిన పులి కనుక చంపడానికి అనుమతి ఉంది. అయినా చీకటిలో కాల్పులు జరిగిన తీరును జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ బృందం తప్పుబట్టింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చీకటిలో పేలిన తూటాకు జవాబుదారీతనం పగటి వెలుగులో తేలవలసి వస్తుంది.

సాధనకు కావలసినది వేరు

లక్ష్యసాధన నేర్చుకునే పిల్లలకు వేట స్కోప్ కొనిపెట్టే తల్లిదండ్రులూ కనిపిస్తున్నారు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్‌కు చోటే లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం సాధించింది చిన్న రంధ్రపు సైట్లతోనే. పోటీల వైపు చూసేవారు మొదట ఆ సైట్లనే అలవరచుకోవాలి.

సరదా సాధనకు స్కోప్ కావాలనుకుంటే రెండు జాగ్రత్తలు అవసరం. వేట స్కోప్‌లలో ఎక్కువ వాటికి పారలాక్స్‌ను సుమారు 100 గజాలకు స్థిరపరుస్తారు. పది మీటర్ల వద్ద బొమ్మ మసకబారుతుంది, కన్ను కాస్త పక్కకు జరిగితే గురి జరిగిపోతుంది. పది మీటర్ల వరకు సవరించుకోగల రకమే పనికొస్తుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వెనక్కీ ముందుకూ రెండు వైపులా తన్నుతుంది. ఆ అదురుకు తగినట్టు తయారుకాని స్కోప్ లోపలి భాగాలు త్వరగా సడలిపోతాయి. 0.177 అంగుళాల బోరును గానీ, 20 జౌళ్ల మూతి శక్తిని గానీ మించిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలన్నదీ గుర్తుంచుకోవాలి.

తూటా ఎక్కడ ఆగుతుంది?

గురి సరిగ్గా కుదిరిందనే అనుకుందాం. తగలని తూటా ఎక్కడికి పోతుంది? పెద్ద రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది. అడ్డుగా చెట్టూ చేమా లేని మన మైదానంలో దానిని ఆపేది ఏదీ ఉండదు. రాతినేలపై పడితే దిశ మార్చుకొని ఎగురుతుంది. ఇక్కడే మన పెద్దల మంచె అక్కరకొస్తుంది. ఎత్తున కూర్చొని కిందికి కాల్చితే తగలని తూటా మెత్తని దుక్కిలోనే దిగుతుంది. మంచె మీది నుంచి యాభై, అరవై మీటర్ల దూరానికి నాలుగు, ఆరు రెట్లకు మించిన స్కోప్ అవసరమే ఉండదు. తక్కువ రెట్లలో వెలుగు ఎక్కువ. చుట్టూ ఏముందో కూడా కనిపిస్తుంది.

ఒక నియమం షూటర్లందరికీ శిరోధార్యం కావాలి. వెతకడానికి స్కోప్ వాడరాదు. స్కోప్ చూసిన వైపే తుపాకి మూతి కూడా చూస్తుంది. వెతకడానికి చేతి బైనాక్యులర్, నిర్ధారించుకున్నాకే రైఫిల్.

తుపాకి చివరి మాట కావాలి. వేరుసెనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేస్తే పందుల రాక తగ్గుతుందని రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏనాటి నుంచో చెబుతున్నారు. తీగలకు కరెంటు పెట్టడం, నాటుబాంబులు అమర్చడం పందికన్నా ముందు మనిషినే బలిగొనవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడినా గుట్టలు, పందులు సరిహద్దు ఎరుగవు. రెండు జిల్లాల అటవీ, పోలీసు యంత్రాంగాలు కలిసి కదలాలి. అనుమతి పత్రంపై పంది సంఖ్య, గడువు మాత్రమే రాసి వదిలేయరాదు. మంచె నుంచే కాల్చాలని, ఆ రాత్రి చుట్టుపక్కల చేలల్లో కాపరులు, కాపలాదారులు ఉండకుండా ముందుగా దండోరా వేయించాలని, అటవీ సిబ్బంది పక్కన ఉండాలని షరతులుగా చేర్చాలి. పంట పోతే మళ్లీ విత్తుకోవచ్చు. చీకటిలో పొరపాటున పేలిన తూటాను మాత్రం వెనక్కి పిలవలేం.