వేట లేని రెండు నెలలు

ఏప్రిల్ సగం గడిచాక మా వీధిలో చేపల కేక వినబడదు. మీరూ గమనించే ఉంటారు. పోయిన వేసవిలో మాకు వాడుకగా చేపలు పోసే ఆవిడ ఎండు మెత్తళ్ళ గంపతో వచ్చి అరుగు మీద కూలబడింది. "వేట ఆపేశారు కదండీ. ఆయనకి గవర్నమెంటోళ్ళు డబ్బులిస్తారు. నాకెవరిత్తారండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సంగతేమిటంటే, చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మర పడవలు సముద్రంలోకి పోకూడదు. 2015కి ముందు 47 రోజులే ఉండేది. ఆపడం తప్పని నేననను. పిల్ల చేపల్ని బతకనిస్తేనే కదా రేపటి కూర! కానీ నెల జీతం లేనివాళ్ళకి రెండు నెలలు ఎలా గడవాలి? అందుకే మన రాష్ట్రంలో వేట నిషేధ భృతి ఇస్తారు. ఒకప్పుడు 4,000 రూపాయలు, 2019లో 10,000, 2025లో 20,000 చేశారు. పెరిగింది, సంతోషమే. 61 రోజులకి పంచి చూడండి, రోజుకి 328 రూపాయలు. ఇంటిల్లిపాదికీ! పైగా జూన్‌లోనే బడి పుస్తకాలు.

అదైనా పడవెక్కే మనిషికే. కుంభాభిషేకం రేవులో తెల్లారకుండా వేలంపాటలో సరుకు కొని, ఐసు వేసుకుని, గంప నెత్తికెత్తుకునే ఆడమనిషి పని కూడా అదే రోజున ఆగిపోతుంది కదా? ఆవిడ పేరు ఆ లిస్టులో ఉండదు. ఉద్యోగం పోతే ఇచ్చే భృతి ఒకటి 2018లో పెట్టారు గాని, అది ఇ.ఎస్.ఐ. ఉన్న ఉద్యోగులకే. వీధి వ్యాపారులకి 2020లో వచ్చిన స్వనిధి పథకం అప్పు, తీర్చాల్సిందే.

మీకు తెలిసిన పడవవాళ్ళుంటే మాత్రం ఓ మాట చెప్పండి: పడవకి రిజిస్ట్రేషన్ ఉండాలి, మత్స్యశాఖవాళ్ళు పేర్లు రాసుకోవడానికి వచ్చిన రోజున మనిషి ఊళ్ళో ఉండాలి, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉండాలి.

ఆ రోజు మెత్తళ్ళు అరకిలో తీసుకున్నాను. తలలు తుంచి, వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగితే ఇసుక పోతుంది. పుల్లమామిడికాయ ముక్కలు మగ్గాకే వెయ్యండి, ముందే వేస్తే చితికిపోతాయి.