ప్రాణాలతో పట్టడం

నారాయణఖేడ్ నుంచి ఎటు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా మన ప్రాంతపు సువార్త సభల్లో వలలు, దోనెలు, లోతైన నీళ్ల ప్రస్తావన రాని రోజుండదు. రాత్రంతా కష్టపడినా ఏమీ దొరకని సీమోను పేతురుకు, ప్రభువు మాట మీద వల వేయగానే రెండు దోనెలు మునిగేంత చేపలు పడ్డాయి (లూకా 5:1-11). ఆ తర్వాతే ప్రభువు అతన్ని మనుషులను పట్టే పనికి పిలిచాడు. మన ప్రసంగాలు మాత్రం చేపల రాశి దగ్గరే ఆగిపోతున్నాయి. ఎన్ని చేతులు లేచాయి, ఎన్ని బాప్తిస్మాలు జరిగాయి అన్న లెక్కతో సభ ముగుస్తోంది.

లోతుకు వెళ్లి పట్టడమంటే ఏమిటో తీరంలోని మత్స్యకారులకు తెలుసు. విశాఖపట్నానికి దక్షిణాన ఉన్న పూడిమడక వాళ్లు చిన్న ఫైబర్ బోట్లలో ఒడ్డు కనబడనంత దూరం వెళ్లి గాలాలతో ట్యూనా పడతారు. అలాంటి లోతు నీళ్లలో గాలానికి చిక్కే మరో చేప మహి. తేలే దుంగల కింద, నాచు కింద గుంపుగా చేరడం దాని అలవాటు. చిక్కిన ఒకదాన్ని నీళ్లలోనే ఉంచితే మిగతావి బోటు చుట్టే తిరుగుతాయి. వేటగాడికి అదే అదను. నీళ్లలో బంగారు, ఆకుపచ్చ, నీలి రంగులతో మెరిసే మహి చచ్చిన కొద్ది నిమిషాల్లోనే వెలిసిపోయి బూడిద రంగుకు తిరుగుతుంది. పొట్టకూటికోసం ప్రాణాలొడ్డే మత్స్యకారుడికి దానివల్ల తూకం తగ్గదు గదా! సంఘం సంగతి అలా కాదు.

పేతురుతో ప్రభువు పలికిన చోట లూకా వాడిన గ్రీకు క్రియ 'జోగ్రియో'. ప్రాణాలతో పట్టడమని దానర్థం. యెహోషువ గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాదంలో రాహాబునూ, ఆమె తండ్రి ఇంటివారినీ బ్రతకనిచ్చిన సందర్భంలోనూ ఇదే క్రియ ఉంది. అంటే ఇది చంపే వేట కాదు, కాపాడే పని. సంతలో కొర్రమట్టను నీళ్ల తొట్టిలో బతికుండగానే అమ్ముతారు, చచ్చినదానికి ఆ ధర రాదు. ఈ తేడా మన ఇళ్లలోని ఆడవాళ్లకు తెలిసినంతగా సువార్త కమిటీలకు తెలియదేమో!

మెదక్ చర్చి నిర్మాణ కాలంలో (1914-1924) కరువు పాలైన జనానికి మిషనరీ పోస్నెట్ పని ఇచ్చి అన్నం పెట్టాడు. నూరేళ్లు దాటినా ఆ మాట ఇంకా చెప్పుకుంటున్నారు. ఆ రోజుల్లో ఎన్ని సభలు జరిగాయో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

దసరా దాటాక మన పల్లెలు, తండాల నుంచి కుటుంబాలు చెరకు నరకడానికి వలస పోతాయి. పిల్లలు బడి మాని వెంట వెళ్తారు, ముసలివాళ్లు ఊళ్లో మిగులుతారు. తాళం వేసిన ఇంటివారి పేర్లు సంఘం రిజిస్టరులో భద్రంగానే ఉంటాయి. క్రిస్మస్ నాడు వాళ్లు చెరకు తోటల పక్కన గుడిసెల్లో ఉంటారు. నెలకోసారి పాస్టరుగారు, ఇద్దరు సంఘ పెద్దలు అక్కడికి ఎందుకు వెళ్లకూడదు? ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం వెంట తీసుకెళ్లవచ్చు. పిల్లల చదువు గురించి అడగవచ్చు. ఊళ్లో ఉన్న తల్లికి జ్వరం తగ్గిందో లేదో కబురు చెప్పవచ్చు. బండి కిరాయి సభ పోస్టర్ల ఖర్చును మించదు.