ఎనిమిదో తరగతితో ఆగిన అన్నం హక్కు

బడిలో మధ్యాహ్న భోజనం తిని చదువుకున్న పేద విద్యార్థి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేసరికి అర్ధాకలితో తరగతిలో కూర్చోవలసి రావడం మన విద్యా వ్యవస్థలోని పెద్ద వైరుధ్యం. 1995 ఆగస్టు 15న మొదలైన మధ్యాహ్న భోజన పథకం ప్రాథమిక తరగతుల నుంచి క్రమంగా ఎనిమిదో తరగతి దాకా విస్తరించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దానికి హక్కు హోదా కల్పించింది. ఆ హక్కు కూడా ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది.

ఆ పైన ఆదుకోవలసినవి ఉపకార వేతనం, రేషన్ కార్డు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, బి.ఏ. వంటి సాధారణ డిగ్రీ చదివే హాస్టల్ విద్యార్థికి ఏడాదికి 6,000 రూపాయల భత్యం నిర్ణయించారు. అంటే నెలకు 500; రోజుకు 17 రూపాయలైనా కాదు. హాస్టల్‌లో లేని వారికి అందులో సగమే.

ఈ స్వల్ప మొత్తమైనా సకాలంలో చేతికందడం కష్టమే. వ్యయంలో చాలా రాష్ట్రాలు భరించవలసిన వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకనే కేంద్రం 60 శాతం విద్యార్థి ఖాతాలో జమ చేస్తుంది. ఒకచోట జాప్యం జరిగితే రెండూ నిలిచిపోతాయి. కొత్తగా చేరినవారి అవస్థ మరీ ఎక్కువ. కుల, ఆదాయ ధ్రువపత్రాలు సమర్పించి, కళాశాల మొదలు పై అధికారుల వరకు పరిశీలన పూర్తయితే తప్ప పైసా రాదు. మెస్ బిల్లు మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి.

'ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు' విధానం 2022 నాటికి అన్ని రాష్ట్రాలలోనూ అమలులోకి వచ్చింది. తన వంతు 5 కిలోల ధాన్యాన్ని విద్యార్థి చదువుకునే ఊరిలోనే తీసుకునే వీలుంది. కానీ పొయ్యి లేని అద్దె గదిలో బియ్యం అన్నం కాజాలదు. పైగా ఆ 5 కిలోలు ఇంటి వంటకు తగ్గుతాయి.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 4న ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో మధ్యాహ్న భోజనం ప్రారంభించింది. హైదరాబాద్‌లో 2014లో 5 రూపాయల భోజన కేంద్రాలు వెలిశాయి. ఇటువంటి ఏర్పాట్లు డిగ్రీ కళాశాలల ప్రాంగణాలకూ విస్తరించాలి. భత్యాన్ని ధరలతో ముడిపెట్టి, మొదటి వాయిదాను ప్రవేశ సమయంలోనే చెల్లించాలి. సీటు ఇచ్చి అన్నం మరచిన ప్రభుత్వాలు, పేద విద్యార్థి మధ్యలో చదువు మానితే ఆ తప్పును అతడిపై నెట్టజాలవు.