ముందు చక్రాల చప్పుడు వింటున్నారా?

మీ కారు గానీ, జీపు గానీ గుంతలో దిగినప్పుడు ముందువైపు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తున్నదా? స్టీరింగు కొంచెం వదిలితే బండి ఒక పక్కకు గుంజుతున్నదా? ముందు టైరు లోపలి అంచు గుండు గీయించుకున్నట్టు నున్నగా అయ్యిందా? అయితే ఈ వారం ఈ నాలుగు మాటలు మీ కోసమే.

వ్యవసాయం పేజీలో కారు ముచ్చటేంది అనుకోవద్దు. గోదావరిఖని, రామగుండం, మంథని, మంచిర్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఒక కాలు బాయిలో, ఒక కాలు పొలంలో పెట్టి బతికే కుటుంబాలు బోలెడు. సింగరేణిలో రిటైరైన కార్మికుడు చేతికొచ్చిన పైసల్లో కొంత పెట్టి పాత కారు కొంటాడు. పొద్దున అదే కారులో కూరగాయల గంపలు రైతు బజారుకు పోతాయి. మధ్యాహ్నం యూరియా బస్తాలు పొలానికి. సాయంత్రం ఇంట్లోవాళ్లు పెండ్లికి. కంపెనీవాడు నలుగురు కూర్చోవడానికి చేసిన బండి మీద మనం ఎంత బరువు మోపుతున్నామో మనకు తెలవని సంగతి కాదు.

రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. రాజీవ్ రహదారి మీద బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు, ఇసుక లారీలు, సిమెంటు లారీలు. 1999లో మూతపడి 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల ఫ్యాక్టరీ లారీలు వాటికి తోడు. రహదారి దిగి ఊరి దారి పట్టామంటే గుంత తప్పించబోయి ఇంకో గుంతలో పడతాం. ఈ దెబ్బలన్నీ తినేది ముందు చక్రాల దగ్గరుండే నాలుగైదు చిన్న సామాన్లు. లోయర్ ఆర్మ్, దాని రబ్బరు బుష్షులు, బాల్ జాయింటు, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండు, షాకబ్జర్.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. ఇరుసుకు కందెన పెట్టకపోతే బండి కిర్రుమంటది, అరుగుతది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ వరకు అదే లెక్క, ముందు చక్రాల దగ్గర గ్రీజు పెట్టుకోవాలి. ఆ తర్వాతి కార్లలో చాలావాటికి గ్రీజు పెట్టే నిప్పల్ ఉండదు. కంపెనీలోనే గ్రీజు నింపి పైన రబ్బరు తొడుగు వేసి మూసేస్తారు. ఆ తొడుగు చినిగిందంటే మన దగ్గరి బొగ్గు దుమ్ము, బూడిద, వాననీళ్లు లోపలికి పోయి గుండును తినేస్తాయి. కాబట్టి చూడవలసింది ఆ తొడుగును. నెలకోసారి వంగి చూస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఇక నా అభిప్రాయం. ఈ పని మొత్తం షెడ్డులోనే చేయించాలనేవాళ్లు ఉన్నారు, యూట్యూబు చూసి మొత్తం వాకిట్లోనే విప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నాకు నచ్చదు. సగం పని ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. మిగతా సగం జోలికి పోవద్దు. గీత ఎక్కడ గీయాలన్నదే అసలు ముచ్చట.

రోగం కనిపెట్టడం మాత్రం ముమ్మాటికీ ఇంట్లోనే. షెడ్డుకు పోయి "ముందల చప్పుడొస్తుందన్నా" అంటే కొందరు "మొత్తం సెట్టు మార్చాలె" అంటారు. అందరు మేస్త్రీలూ అట్లాంటివాళ్లు కారు, కానీ మీకు తెలిస్తే అడిగి చేయించుకుంటారు కదా. ముందు చక్రం నేల విడిచేదాకా లేపండి. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. కదిలితే బాల్ జాయింటన్నా పోయింది, హబ్బు బేరింగన్నా పోయింది. ఏదో తేలాలంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు ఊపు ఆగితే బేరింగు, ఆగకపోతే జాయింటు. తర్వాత కుడి, ఎడమ పక్కల చేతులు వేసి ఊపండి. అట్లా ఊపితేనే కదిలితే టై రాడ్ ఎండును అనుమానించాలి. షాకబ్జర్‌కైతే బండి దించి, ముందు మూల మీద గట్టిగా అదిమి వదలండి. ఒకసారి లేచి నిలబడాలి, ఊయలలాగా ఊగితే దాని పని అయిపోయినట్టే. దాని ఒంటి మీద నూనె కారిన జాడ ఉన్నా అంతే.

విప్పే ముందు ఒక్క మాట. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టొద్దు. బాయిలో పనిచేసినవాళ్లకు నేను చెప్పేదేముంది? పైకప్పు తట్టి చూసి, సపోర్టు పెట్టనిదే ముందుకు అడుగు వేయరు. అదే మనిషి ఇంటికొచ్చి రెండు ఇటుకల మీద కారు నిలబెట్టి కిందికి దూరుతాడు! ఇటుక పగలడానికి ముందు చెప్పదు. బండి చదును నేల మీద ఉండాలి. హ్యాండు బ్రేకు వేయాలి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. లేపిన తర్వాత స్టాండ్లు లేదా మందపాటి చెక్క దిమ్మెలు ఛాసిస్ కింద పెట్టి, బరువు వాటి మీదికి దింపాలి. ఊపి చూసే పని కూడా దిమ్మెలు పెట్టాకే. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందే పడుకోబెట్టండి, అదో అడ్డు. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండొద్దు.

టై రాడ్ ఎండు ఇంట్లో మార్చుకోవచ్చు. బోల్టులకు ముందురోజు రాత్రే కొద్దిగా డీజిలు పట్టించండి, రబ్బరు మీద పడనీయొద్దు. నట్టు పూర్తిగా తీయకుండా రెండు మరలు ఉంచి, ఆ గుండు దిగి ఉన్న కన్నానికి ఒక పక్క బరువు సుత్తె ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తెతో కొడితే ఊడి వస్తుంది. మరల మీద కొడితే మర పాడవుతుంది, ఎండు రాదు. పాతది తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోండి. కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. అలైన్‌మెంటు షెడ్డు దాకా బండి వంకర పోకుండా పోతుంది. పిన్ను కొత్తదే వేయాలి. రంధ్రం కుదరకపోతే నట్టు ఇంకొంచెం బిగించి కుదుర్చుకోవాలి గానీ వదులు చేసి కాదు.

లోయర్ ఆర్మ్ కూడా ఇంట్లో అవుతుంది, కానీ బుష్షులు, జాయింటు బిగించి ఉన్న మొత్తం ఆర్మ్ కొనండి. పాత ఆర్మ్‌లో బుష్షు ఒక్కటే మార్చాలంటే ప్రెస్సు కావాలి. పైపు ముక్క పెట్టి సుత్తెతో దిగ్గొడితే కొత్త బుష్షు ఆ రోజే సగం చచ్చినట్టు. ఆర్మ్ విప్పినప్పుడు హబ్బును బ్రేకు గొట్టానికి వేలాడనీయొద్దు, తాడుతో కట్టండి. బయటికి లాగొద్దు, లోపల యాక్సిల్ జాయింటు ఊడి వస్తుంది. చాలామంది మేస్త్రీలు కూడా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆర్మ్ బుష్షు బోల్టులు చక్రం గాలిలో ఉండగా ఆఖరి బిగింపు బిగించొద్దు. బండి బరువు చక్రాల మీదికి దింపాక బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలికపడి ఉంటుంది. బండి దించగానే ఆ మెలిక గుంజుడు మొదలై కొన్నాళ్లకే చినుగుతుంది. "కొత్త సామాను వేసినా ఆర్నెల్లు రాలేదు" అనే ఫిర్యాదుల్లో ఎన్ని ఈ లెక్కలోవో!

ఇక గీత ఇక్కడ. స్ప్రింగు ముట్టుకోవద్దు. మారుతి 800 మొదలు ఇవాళ్టి చిన్న కార్లలో ఎక్కువ వాటికి షాకబ్జర్, స్ప్రింగు ఒకే గూటిలో ఉంటాయి. 1940లలో మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన పద్ధతి అది. ఆ స్ప్రింగు అణచిపెట్టి ఉన్న బలం మామూలుది కాదు. పైనున్న నడిమి నట్టు విప్పారంటే ముఖం మీదికి తన్నుతుంది. బట్ట చుట్టి, తాడు కట్టి పట్టుకుందాం అనేవాళ్లను నేనైతే ఆ పని చేయనివ్వను. దానికి స్ప్రింగును అణచిపట్టే పరికరం, అలవాటు పడ్డ చెయ్యి కావాలి. ఆ పని షెడ్డుకే వదలండి, ఆ కూలీ దండుగ కాదు. షాకబ్జర్లు మార్చితే కుడి ఎడమ రెండూ మార్చాలి.

ట్రాక్టరు రైతులకు పని ఇంకా సులువు. చాలా ట్రాక్టర్ల ముందు ఇరుసుకు స్ప్రింగే ఉండదు, నడిమి పిన్ను మీద ఊగుతుంది. కింగ్ పిన్ను బుష్షులకు, ఆ నడిమి పిన్నుకు గ్రీజు కొడుతుంటే చాలు. కరిగెట్లో దున్నే రోజుల్లో మాత్రం ఏ పూట బురద ఆ పూటే కడిగి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టాలి. గ్రీజు గన్ను అందరి ఇండ్లలో ఉంది, మూలకు.

"రోడ్లే ఇట్లుంటే సామాన్లు మార్చి ఏం ఫాయిదా?" అని అడుగుతారు. రోడ్డు సంగతి అడగాల్సిందే. గనుల ప్రాంతాల కోసం 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. అందులోంచి రోడ్లకు కూడా ఖర్చు పెట్టొచ్చు. మీ ఊరి దారికి ఏమిచ్చారో గ్రామసభలో అడగండి, కాగితం మీద అడగండి. కానీ టై రాడ్ ఎండు ఊడిన కారు రోడ్డు బాగయ్యేదాకా ఆగదు. అది ఊడిన క్షణాన ఆ చక్రం మీ మాట వినదు, ఎదురుగా బొగ్గు టిప్పరు ఉంటే అంతే సంగతులు. గంపలు ఎక్కించుకుని పొద్దున్నే చీకట్లో బయల్దేరేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి.

సామాను కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని పోండి, పక్కపక్కన పెట్టి చూడండి. బిల్లు అడగండి. మీరు మార్చినా, మేస్త్రీ మార్చినా అదే రోజు అలైన్‌మెంటు చేయించండి. లేకపోతే కొత్త టైర్లు కూడా ఒక పక్కే అరుగుతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు, విప్పిన ప్రతి బోల్టు మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడండి.