స్థానిక కమిటీ యెవరికొరకు?

పనిచోట స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులను నివారించుటకై 2013లో వెలువడిన శాసనము ప్రతి జిల్లాకును స్థానిక కమిటీ యుండవలెనని విధించినది. పదిమందికి తక్కువ పనివారున్న తావులనుండియు, యజమానియే నిందితుడైన చోట్లనుండియు ఫిర్యాదులు దీనికే పోవలెను. తెనాలి బట్టల కొట్టులోని గుమస్తాకును, రేపల్లె పొలములలో నాట్లు వేయు కూలికిని ఇదియే దిక్కు.

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా చీలినది. బాపట్ల, రేపల్లెలు క్రొత్త బాపట్ల జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరుననే నిలిచినది. ఎవరి మొర యెచ్చటికి పోవలెనో చదువుకొన్నవారికే తికమక! ఒకనాటి కూలి పోగొట్టుకొని, ఊరి మోతుబరిపై అర్జీ పట్టుకొని జిల్లా కేంద్రమునకు పోగల స్త్రీ యెవతె? శాసనకర్తలు దీని నెరుగకపోలేదు. ప్రతి మండలమునను, పురపాలకమునను నియమితుడైన నోడల్ అధికారి ఫిర్యాదు గైకొని యేడు దినములలో కమిటీకి పంపవలెను. ఆ యధికారి పేరు కచేరీ గోడపైననే కాక, మిల్లు గుమ్మములందును, సంతలందును కనబడవలెను. ఫిర్యాదునకు సామాన్యముగా గడువు మూడు మాసములే. పేరు వెదకుటలోనే యది గడచిపోరాదు.

అధ్యక్షురాలు సంఘసేవలో పేరుగన్న స్త్రీ కావలెనట, మంచిదే. జిల్లాలో పనిచేసికొను స్త్రీ యొకతె సభ్యురాలు కావలెనను నియమము మాకంతకన్న ముఖ్యముగ దోచుచున్నది. ఆ స్థానమును పలుకుబడి గలవారికి గట్టబెట్టక, బాపట్ల కమిటీలో పొలము కూలినొకతెను, గుంటూరు కమిటీలో కొట్టు గుమస్తానొకతెను కూర్చుండబెట్టవలసినదని ఇరు జిల్లాల యధికారులను కోరుచున్నాము.