సూది ఎప్పుడు ఆపాలి?

బీదర్ చుట్టుపక్కల పల్లెల్లో పశువులకు సూదులు వేస్తూనే నా ఉద్యోగం గడిచింది. ముసర వ్యాధిని, అంటే రిండర్‌పెస్ట్‌ను, కళ్లారా చూశాను. కళ్ల వెంట నీరు, నోటినిండా పుళ్లు, కంపుకొట్టే పారుడు. వారం పది రోజుల్లో దేవణి ఎడ్ల జత నేలకూలేది. ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య మందు పెట్టుకుని వెళ్లి, చల్లటి సెలైన్‌లో కలిపి, ఎండ తగలకుండా గబగబా వేసేవాళ్లం.

దేశంలో ఆ రోగం చివరిసారి కనిపించింది 1995లో, తమిళనాడులో. విడతలవారీగా సూది ఆపేయమన్నారు. రైతులు ఊరుకోలేదు. "సూదితోనే గదా సార్ రోగం పోయింది, ఇప్పుడెందుకు బంద్ జేస్తున్రు?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కానీ టీకా వేసిన పశువు నెత్తురులోనూ, రోగం వచ్చి కోలుకున్న పశువు నెత్తురులోనూ అవే యాంటీబాడీలు. వేస్తూ పోతే రోగం పోయిందో, ఎక్కడైనా నక్కి ఉందో తేలదు. సూది ఆపాక పుట్టిన దూడల నెత్తురే సాక్ష్యం. అందుకే సూది ఆపినా పని ఆగలేదు. ఊరూరా వెతికాం, సంతల్లో పశువుల నోళ్లు తెరిచి చూశాం. 2006లో మన దేశానికి, 2011లో ప్రపంచానికి ముసర పీడ వదిలింది.

పోలియోలోనూ అంతే, మందు ఆపినా వెతకడం ఆగలేదు. 2016 ఏప్రిల్‌లో రెండో రకం వైరస్‌ను చుక్కల మందులోంచి తీసేశారు. జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన అదే రకం బయటపడింది. పరీక్షలు మానలేదు కాబట్టే దొరికింది. సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్లు వేయగలిగారు.

ఇప్పుడు మేకలు, గొర్రెలకు వచ్చే పీపీఆర్ వ్యాధి వంతు. ముసరకు దగ్గరి చుట్టమే ఈ వైరస్. 2030 కల్లా నిర్మూలించాలన్నది లక్ష్యం. జహీరాబాద్ వైపు నుంచి మందలు ఇటొస్తాయి, మనవి అటు పోతాయి. అందుకే కర్ణాటక, తెలంగాణ ఒకే వారాల్లో సూదులు వేయాలి. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు నాలుగో నెల దాటాక విడిగా ఇంకో విడత ఉండాలి. ఆపే రోజు వస్తే రెండు రాష్ట్రాలూ కలిసే ఆపాలి.

అలా ఆపాక మిగిలే సూదుల డబ్బును ఖజానాకు తిప్పి పంపకండి. ఇక్కడ నందినగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. రెండు రాష్ట్రాల గొర్రెపిల్లల నెత్తురు నమూనాలు అక్కడ పరీక్షించే ఏర్పాటు చేయండి, కనీసం ఐదేళ్లకు సరిపడా జీతాలతో సహా.